అరవై వేల అడ్వాన్స్ లేకుండా కానూరులో ఇల్లు: నా అనుభవం

విజయవాడలో ఇల్లు మారాలంటే రెండు అడ్వాన్సుల మధ్య నలగాలి. మనం ఖాళీ చేశాక పాత ఇంటికి ఇంకెవరో రావాలి, వాళ్లు ఓనరుకి అడ్వాన్స్ ఇవ్వాలి, అప్పుడుగానీ మన డబ్బు మన చేతికి రాదు. కొత్త ఓనరేమో తాళం చెవి ఇవ్వకముందే మొత్తం కావాలంటారు. ఆ నెలా రెండు నెలలూ సర్దుకోగలిగినవాళ్లకు ఇదో సమస్యే కాదు. మాకు సర్దుబాటయ్యే పరిస్థితి లేదు.

అప్పటికి మేముండేది సింగ్‌నగర్‌లో, గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్. అద్దె పది వేలు, ఓనరు దగ్గర మా అడ్వాన్స్ 30 వేలు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఇంట్లోకి వచ్చింది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పరుపులు, బాబు పుస్తకాలు, ఏవీ మిగల్లేదు. ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు సాయం ప్రకటించింది. మాకొచ్చిన పాతిక వేలు మంచాలకీ ఫ్రిజ్‌కీ ముట్టజెప్పాం, మిగతా సామాను కొనేసరికి దాచుకున్నదీ అయిపోయింది. వర్షం పడితే చాలు మా అత్తగారు రాత్రంతా మేలుకునేవారు. ఇక మారక తప్పదనుకున్నాం. నేను ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో అకౌంట్స్ చూస్తాను కాబట్టి కానూరు, తాడిగడప, పోరంకి వైపు వెతకడం మొదలుపెట్టాం. షరతు ఒకటే, ఎన్నో అంతస్తయినా ఫర్వాలేదు, గ్రౌండ్ ఫ్లోర్ మాత్రం వద్దు.

మాకు నచ్చిన డబుల్ బెడ్‌రూం ఇళ్ల అద్దె పదిహేను వేల దగ్గర ఉంది. అడ్వాన్స్ కొందరు మూడు నెలలన్నారు, ఎక్కువమంది నాలుగు నెలలన్నారు. అంటే 60 వేలు. దానికి మొదటి నెల అద్దె, బ్రోకరుకి ఇచ్చేది, సామాను తోలడానికి టాటా ఏస్ బాడుగ కలిపితే లక్షకు దగ్గరపడుతోంది. మా ఆయన మెడికల్ రిప్రజెంటేటివ్. ఇద్దరి జీతాల్లోంచి నెలనెలా అద్దె కట్టడం మాకు కష్టం కాదు. ఒక్కసారిగా అంత తీయడమే కష్టం. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, ఇన్నేళ్లలో అద్దె ఒక్క నెల కూడా ఆపలేదు. అయినా ఇల్లు దొరకదు. ఇదేం లెక్కో నాకు అప్పట్లో అర్థమయ్యేది కాదు.

మా ఆయన చిన్ననాటి స్నేహితుడొకాయన విజయవాడ కోర్టుల్లో ప్రాక్టీస్ చేస్తాడు. మొదట ఆయన్నే అడిగాం. కేంద్ర కేబినెట్ 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో, నివాసపు ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదని ఉందట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన వెంటనే నీళ్లు చల్లేశాడు: "అది నమూనా మాత్రమే వదినా. రాష్ట్రాలు తమ చట్టాల్లో పెట్టుకుంటేనే పనికొస్తుంది. పైగా ఇంట్లోకి అడుగుపెట్టకముందే ఓనరుతో చట్టం మాట్లాడితే ఆ ఇల్లు నీకివ్వడు." రెండో మాట నూటికి నూరుపాళ్లు నిజం. పోరంకిలో ఒకాయన దగ్గర మా ఆయన ఈ రెండు నెలల సంగతి ఎత్తాడు. ఆయన నవ్వుతూనే "వేరేవాళ్లు చూసుకున్నారండీ, ఏమీ అనుకోవద్దు" అన్నారు. టు-లెట్ బోర్డు మాత్రం ఇంకో నెల వేలాడుతూనే ఉంది.

హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు "అక్కా, ఈ కాలంలో కూడా డిపాజిట్ ఏంటి, జీరో డిపాజిట్ తీసుకో" అని ఒక యాప్ పేరు చెప్పాడు. వాడు అలాగే ఫ్లాట్ తీసుకున్నాడు. పద్ధతి ఏమిటంటే, ఓనరుకి మనం డిపాజిట్ ఇవ్వం. మధ్యలో ఒక కంపెనీ "ఈయన అద్దె ఎగ్గొట్టినా, ఇల్లు పాడుచేసినా ఇంతవరకు మేం కడతాం" అని ఓనరుకి పూచీ రాసిస్తుంది. అందుకు మనం ఆ కంపెనీకి ఫీజు కట్టాలి. 50 వేల డిపాజిట్ బదులు తమ్ముడు ఏడాదికి ఆరు వేలు, దానిమీద జీఎస్టీ కడుతున్నాడు. ఆ డబ్బు తిరిగి రాదు, మళ్లీ ఏడాది మళ్లీ కట్టాలి. వాడు చదవకుండా సంతకం పెట్టిన కాగితం నేను ఫోన్‌లో తెప్పించుకుని చదివాను. కంపెనీ ఓనరుకి ఏమైనా కట్టాల్సివస్తే అదంతా మళ్లీ వీడి దగ్గర వసూలు చేసుకుంటుందని అందులో స్పష్టంగా ఉంది. అంటే అది అద్దెకున్నవాడికి ఇన్సూరెన్స్ కాదు, ఓనరుకి ధీమా. ఖర్చు మనది, బాధ్యతా మనదే. వాడు మాత్రం "యాభై వేలు నా చేతిలో ఉంటున్నాయి కదక్కా" అంటాడు. చేతిలో ఉన్నాయా అంటే లేవు, బైకు కొన్నాడు.

ఇంగ్లాండ్‌లో ఉన్న మా ఆడపడుచు కూడా ఇలాంటిదే చెప్పింది. అక్కడ జీరో డిపాజిట్ అంటే సుమారు వారం అద్దెంత ఫీజు కడతారట, అదీ తిరిగిరాదు, నష్టం జరిగితే కట్టాల్సింది అక్కడా అద్దెకున్నవాళ్లే. ఆ ఫీజు కంటే నాకు అక్కడి మామూలు డిపాజిట్ పద్ధతే నచ్చింది. 2007 ఏప్రిల్ నుంచి ఓనరు డిపాజిట్‌ని ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకం కింద నమోదు చేయాలి, ఇప్పుడు దానికి గడువు 30 రోజులు. మామూలు అద్దెలకైతే 2019 చట్టం ప్రకారం ఐదు వారాల అద్దెకు మించి తీసుకోకూడదు. ఖాళీ చేసేటప్పుడు గొడవొస్తే ఆ పథకం వాళ్లే రెండు పక్కలా ఆధారాలు చూసి తేలుస్తారు. మనకి అలాంటి మధ్యవర్తి ఒకరుంటే ఓనర్ల భయం సగం, మన భయం సగం పోయేవి. ఇక్కడ డబ్బు పట్టుకున్నదీ తీర్పు చెప్పేదీ ఒక్కరే.

ఇంతకీ తమ్ముడి యాప్‌లో కానూరు పిన్‌కోడ్ కొడితే మీ ప్రాంతానికి ఇంకా రాలేదని చూపించింది. వచ్చినా లాభం ఉండేది కాదు. ఆ పూచీ కాగితాన్ని ఓనరు నమ్మాలి కదా. ఈ వైపు ఓనర్లు ఎక్కువగా రిటైరైనవాళ్లు, ఒక్క ఫ్లాటు అద్దె మీద మందులకీ కరెంటుకీ చూసుకునేవాళ్లు. పేరు తెలియని కంపెనీ పంపే పీడీఎఫ్ చూసి ఇల్లిస్తారా?

పేరు తెలిసిన సంస్థ అయితే నమ్ముతారేమోనని బ్యాంకుకి వెళ్లాను. బ్యాంక్ గ్యారంటీ అని ఒకటుంటుంది, మనం కట్టకపోతే మన తరఫున బ్యాంకు కడుతుందని రాసిచ్చే పూచీ. కాంట్రాక్టర్లు టెండర్లకు ఇస్తుంటారు, మా షాపు ఓనరు కూడా ఒకసారి ఇచ్చారు, ఆ ఎంట్రీలు వేసింది నేనే కాబట్టి నాకు తెలుసు. ఇంటి అద్దెకు అని చెప్పగానే కౌంటర్‌లో ఉన్నావిడ ఒకసారి తలెత్తి చూసింది. ఇస్తాం, కానీ 60 వేలకీ ఎఫ్‌డీ వేసి దాన్ని తాకట్టు పెట్టాలంది. పైన బ్యాంకు కమీషన్, దానిమీద 18 శాతం జీఎస్టీ, స్టాంపు పేపరు ఖర్చు. ఎఫ్‌డీకి వడ్డీ మనకే వస్తుంది, అదొక్కటే కలిసొచ్చేది. ఎఫ్‌డీ వేయడానికి 60 వేలుంటే అడ్వాన్సే ఇచ్చేసేవాళ్లం కదా తల్లీ అని మనసులో అనుకుని వచ్చేశాను.

అయినా ఒక మాట చెప్పాలి. డబ్బుండి, ఓనరు తిరిగిస్తాడో లేదో అని భయపడేవాళ్లకు బ్యాంక్ గ్యారంటీ మంచి దారే. డబ్బు మన పేరు మీద బ్యాంకులోనే ఉంటుంది, ఓనరు వాడేసుకునే వీలుండదు. అయితే అందులో రాసే మాటలు జాగ్రత్తగా చూడాలి. మామూలుగా బ్యాంకు గ్యారంటీ అంటే అడగ్గానే కట్టేది. తప్పు ఎవరిదో బ్యాంకు విచారించదు, ఓనరు గడువులోగా రాతపూర్వకంగా అడిగితే ఇచ్చేస్తుంది. జాయింట్ ఎఫ్‌డీ వేసి, ఇద్దరూ సంతకం పెడితేనే తీసేలా పెట్టుకోవడం ఇంకో మార్గం. దీన్ని ఒక ఓనరమ్మతో అంటే "నా ఆధార్, పాన్ మీ బ్యాంకులో నేనెందుకివ్వాలమ్మా" అంది. అదీ సబబే.

మా ఆయన కంపెనీలో లీజు పద్ధతి ఉందని విన్నాం. ఇల్లు కంపెనీయే తన పేరు మీద అద్దెకు తీసుకుని అడ్వాన్స్ కడుతుంది, ఉద్యోగి జీతంలోంచి అద్దె పట్టుకుంటుంది. ఓనర్లకు ఇది మహా ఇష్టం, కంపెనీ లెటర్‌హెడ్ చూస్తే ఇంకేమీ అడగరు. కానీ ఇంటి అద్దె అలవెన్సు మీద పన్ను మినహాయింపు పోతుంది, పైగా ఇంటి విలువను జీతంలో కలిపి పన్ను లెక్కేస్తారు. అద్దె ఇల్లయితే జీతంలో 10 శాతం లేదా అసలు అద్దె, ఏది తక్కువైతే అది, అందులోంచి ఉద్యోగి దగ్గర పట్టుకున్న అద్దె పోను. 2023 సెప్టెంబరుకి ముందు ఆ పది శాతం పదిహేనుగా ఉండేది. లెక్క వేసి చూస్తే మా జీతాలకు పెద్ద తేడా రాలేదు, సంతోషపడ్డాం. తర్వాత తెలిసిందేమిటంటే ఆ సౌకర్యం మేనేజర్ స్థాయి నుంచే. ఆ రోజు మా ఆయన అన్నం దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇక అప్పులు. డిపాజిట్ కోసమే ఇస్తామనే లోన్లున్నాయి, చివరికవి పర్సనల్ లోన్లే. మాకు చెప్పిన వడ్డీ 16 శాతం. 60 వేలు ఏడాదిలో తీర్చాలంటే నెలకు సుమారు 5,444 కట్టాలి, వడ్డీ 5,300 పైచిలుకు, రెండు శాతం ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో కలిపి 1,416. మొత్తం ఆరు వేల ఏడువందల దాకా పోతుంది. తమ్ముడి యాప్ ఫీజుతో పోలిస్తే తేడా తక్కువే, పైగా ఇక్కడ ఏడాది తర్వాత అడ్వాన్స్ మనదవుతుంది. యాప్ ఫీజు ప్రతి ఏడాదీ కడుతూనే ఉండాలి. రెండేళ్లకు మించి ఉండే ఇల్లయితే అప్పే నయం అని నా లెక్క. బంగారం పెడితే వడ్డీ ఇంకా తగ్గుతుంది. కానీ నా గాజులు వరదప్పుడే బ్యాంకుకి వెళ్లాయి. మా అమ్మ లక్ష రూపాయల చీటీ ఒకటి కడుతోంది, పాడుకుని ఇస్తానంది. అప్పటికి సగం నెలలు కూడా కాలేదు, తొందరపడి పాడితే బాగా వదులుకోవాలి. 2019లో చేసిన సవరణతో నిర్వాహకుల కమీషన్ కూడా ఐదు నుంచి ఏడు శాతానికి పెరిగింది. వద్దన్నాను. అది చెల్లి పెళ్లి కోసం కడుతున్న చీటీ.

తాడిగడపలో ఒక ఓనరు తానే ఓ బేరం పెట్టాడు. అడ్వాన్స్ ఒక్క నెలది చాలు, అద్దె మాత్రం 17 వేలు ఇవ్వండి అన్నాడు. మా ఆయన ఆ ఆనందంలో చేయి కలపబోయాడు. నేను పక్కకు పిలిచి లెక్క చెప్పాను. 60 వేలు ఇవ్వాల్సినచోట 17 వేలు ఇస్తున్నాం, 43 వేలు మన చేతిలో మిగులుతున్నాయి. అందుకు ఏడాదికి 24 వేలు ఎక్కువ కడుతున్నాం. నూటికి ఏడాదికి 55 రూపాయలకు పైనే వడ్డీ అన్నమాట. అధిక వడ్డీలకు అప్పులిచ్చే కాల్‌మనీ వాళ్లు నయం. పైగా వచ్చే ఏడు అద్దె పెంచేటప్పుడు 15 మీద కాదు, 17 మీద పెంచుతారు. ఈ బేరం ఎక్కడైనా ఎదురైతే లెక్క చేసుకుని తీరాలి, వినడానికి అంత తీయగా ఉంటుంది మరి.

మాకు పనికొచ్చిన ఆలోచన జర్మనీ నుంచి వచ్చింది. మా మరిది అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. ఫోన్‌లో మా గోల విని, "వదినా, ఇక్కడ కూడా మూడు నెలల అద్దెదాకా తీసుకుంటారు. కానీ మూడు సమాన వాయిదాల్లో కట్టే హక్కు చట్టంలోనే ఉంది. మొదటిది ఇంట్లో చేరేటప్పుడు, మిగతా రెండూ తర్వాతి నెలల అద్దెతోపాటు" అన్నాడు. ఓనరు ఆ డబ్బును తన డబ్బులో కలపకుండా వేరే ఖాతాలో ఉంచాలట కూడా. మనకి హక్కు లేకపోతేనేం, అడగడానికి అడ్డేముంది అనిపించింది. అప్పటిదాకా అడ్వాన్స్ తగ్గించమని అడుగుతున్నాం. తగ్గించమంటే ఓనరుకి పోయేదే కనిపిస్తుంది. ఆలస్యంగా ఇస్తామంటే కనీసం వింటారు.

ఇంకోటి, అప్పుడు నడుస్తున్నది పుష్యమాసం. ఎవరూ పాలు పొంగించరు, ఇళ్లు మారరు. ఆషాఢంలాగే ఈ నెలలోనూ ఖాళీ అయిన ఇల్లు ఖాళీగానే ఉంటుంది. ఓనర్లు కాస్త మెత్తబడే కాలం ఇదే. ఇప్పుడు మాట్లాడుకుని మాఘంలో చేరదామనుకున్నాం.

కానూరులో మా ఇప్పటి ఇంటి ఓనరు రిటైర్డ్ టీచరు. కింద వాళ్లుంటారు, రెండో అంతస్తు ఖాళీ. ఇల్లు చూపిస్తూ మాస్టారు నాలుగు నెలల అడ్వాన్స్ అనే చెప్పారు. నేను అప్పుడే వాయిదాల మాట ఎత్తలేదు. "ఇంతకుముందున్నవాళ్లు ఎలా ఉండేవారండీ?" అని అడిగాను. అంతే, ఆయన భార్య కాఫీ చల్లారేదాకా చెప్పింది. చెప్పకుండా ఒక ఆదివారం పొద్దున్నే సామాను ఎక్కించేశారట. మూడు నెలల కరెంటు బిల్లు కట్టలేదు, ఫ్యూజు పీకేశాక గానీ వీళ్లకు తెలియలేదు. బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు పగిలింది, వంటింటి గోడకు మేకులు. వాళ్ల అడ్వాన్స్ రెండు నెలలదే కావడంతో వీటన్నిటికీ అది చాలలేదు. అందుకే ఈసారి నాలుగు నెలలంటున్నారు.

అద్దె రాదేమోనని వాళ్లకు పెద్ద బెంగ లేదని అప్పుడు తెలిసింది. వాళ్ల భయం కరెంటు బిల్లు, చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడం, సామాను పాడవడం. 60 వేలు ఆ మూడింటికీ కలిపి వాళ్లు వేసుకున్న ధర. ఒక్కోదానికీ విడిగా హామీ ఇస్తే ధర తగ్గాలి కదా అని, రెండోసారి వెళ్లినప్పుడు మా ఆయన్ని కూర్చోబెట్టి నేనే మాట్లాడాను.

కరెంటుకు: సర్వీస్ నంబరు మాస్టారి ఫోన్‌లో కూడా పెట్టించాను, బిల్లు ఎంతొచ్చిందో, కట్టామో లేదో ఆయనకే కనబడుతుంది. వెళ్లిపోవడానికి: రెండు వైపులా రెండు నెలల నోటీసు, మేం ఇవ్వకుండా పోతే ఆ రెండు నెలల అద్దె అడ్వాన్స్‌లోంచి పట్టుకోవచ్చు. మా ఇద్దరి ఉద్యోగాల కాగితాలు, మా షాపు ఓనరు ఫోన్ నంబరు. ఇంటికి: చేరే రోజున ఇద్దరం కలిసి ప్రతి గదినీ వీడియో తీసి వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకోవడం. మేకు ఉన్నచోట ఉన్నట్టు, చెమ్మ ఉన్నచోట ఉన్నట్టు.

మాస్టారు విని, "బాగానే ఉందమ్మా, మరి అడ్వాన్స్ ఎంతిస్తావు?" అన్నారు. మూడు నెలలది ఇస్తాను, కానీ ఒక నెలది ఇప్పుడు, మిగతా 30 వేలు నెలకు ఐదు వేల చొప్పున అద్దెతో కలిపి అన్నాను. ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ "మరి మీ పాత ఇంటి అడ్వాన్స్ ఏమైంది?" అంది. చూశారా, అసలు ప్రశ్న ఆవిడకే తట్టింది. అది మా పాత ఓనరు దగ్గర ఉందని, తర్వాతివాళ్లు వచ్చాక ఇస్తారని చెప్పాను. "అదేదో నేరుగా మాకే పంపమను" అంది.

అలా మూడు పక్కల ఒప్పందం కుదిరింది. పాత ఓనరుకి కొత్తవాళ్ల అడ్వాన్స్ రాగానే మా 30 వేలు మా చేతికి కాదు, మాస్టారి ఖాతాకే వేస్తారు. వచ్చేదాకా మా ఐదు వేల వాయిదాలు నడుస్తాయి, వచ్చాక ఎక్కువైనది అద్దెలో సర్దుతారు. సింగ్‌నగర్ ఓనరుతో మాస్టారే స్వయంగా ఫోన్‌లో మాట్లాడారు. అంతకుముందు నేను ఎన్నిసార్లు అడిగినా "చూద్దాంలేమ్మా" అనే మనిషి, ఇంకో ఓనరు అడిగేసరికి వాట్సాప్‌లో రాసి పంపాడు. ఓనర్ల మధ్య మర్యాదలు వేరు.

ఒక్క దగ్గర బిగుసుకున్నాం. వాయిదాలకు హామీగా మాస్టారు సంతకం పెట్టిన ఖాళీ చెక్కు అడిగారు. ఇది చాలామంది అడుగుతారు. 2012 ఏప్రిల్ నుంచి చెక్కు దానిమీద వేసిన తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది కాబట్టి తేదీ వేయకుండా తీసుకుంటారు. మా వకీలు స్నేహితుడు గట్టిగా వద్దన్నాడు. సెక్యూరిటీకి ఇచ్చిన చెక్కయినా, బాకీ ఉండగా బ్యాంకులో వేసినప్పుడు వెనక్కొస్తే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కిందికి రావచ్చు. రెండేళ్లదాకా జైలు లేదా చెక్కుకు రెట్టింపుదాకా జరిమానా, లేదా రెండూ. చివరికి 30 వేలు అంకెలోనూ అక్షరాల్లోనూ రాసి, మాస్టారి పేరు మీద క్రాస్ చేసి ఇచ్చాం. చెక్కు నంబరూ, ఎందుకిచ్చామో, అడ్వాన్స్ పూర్తికాగానే తిరిగివ్వాలనీ అగ్రిమెంటులో రాయించాం. ఖాళీ చెక్కు మాత్రం ఎంత మంచివాళ్లకయినా ఇవ్వకూడదు. మంచివాళ్ల డ్రాయరు ఎవరి చేతికి పోతుందో తెలియదు.

అగ్రిమెంటు మామూలుగానే 11 నెలలకు. ఏడాది దాటితేనే రిజిస్టర్ చేయించాలన్న నమ్మకంతో అందరూ 11 అంటారు. స్టాంపు పేపరు మీద టైపు చేయించి నోటరీ చేయించాం. రెండు చిన్న విషయాలు మేం పట్టుబట్టి చేర్చాం. కరెంటు బిల్లులో అప్పుడప్పుడు ఏసీడీ అని అదనపు డిపాజిట్ పడుతుంది. అది డిస్కం (కరెంటు సరఫరా సంస్థ) దగ్గర ఓనరు పేరున ఉండే డబ్బు, అద్దెకున్నవాళ్లది కాదు, కాబట్టి ఓనరే కట్టుకోవాలి. రెండోది, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో నెల అద్దె కోసేయడం మన ఊళ్లో ఆనవాయితీ. రెండేళ్లు దాటి ఉంటే కోయకూడదు, అంతకంటే ముందే వెళ్లిపోతే సగమే కోయాలి అని రాసుకున్నాం. మాస్టారు రెండూ ఒప్పుకున్నారు. అడ్వాన్స్ ఎలా తిరిగివ్వాలో ఓనరుతో ఇంట్లో చేరకముందే మాట్లాడుకోవాలి. తర్వాత మాట్లాడితే అది గొడవే.

మాఘంలో మంచి రోజు చూసి పాలు పొంగించాం. ఐదు వేల వాయిదాలు అనుకున్నట్టే నడిచాయి. నెలకు 20 వేలు పోతుంటే గట్టిగానే ఉండేది, పెట్రోలు దగ్గర, కూరగాయల దగ్గర తెలిసేది. సింగ్‌నగర్ ఇంటికి మాత్రం ఎంతకీ ఎవరూ రాలేదు. వరద మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ అనగానే వెనక్కి తిరిగేవారు. ఎండాకాలం చివర్లో ఒక కుటుంబం వచ్చింది. అప్పుడు ఓనరు కొత్త పాట ఎత్తుకున్నాడు. గోడలన్నీ నీటి మరకలు, పెయింటింగ్‌కి పది వేలు కోస్తానన్నాడు.

ఇక్కడ చట్టం నిజంగా పనికొచ్చింది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్‌లో, అద్దెకున్నవాళ్లు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే తిరిగివ్వాలని ఉంది, అయితే మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల, అడ్డుకోలేని శక్తి వల్ల వచ్చిన మార్పు దీనికి మినహాయింపు. బుడమేరు కంటే అడ్డుకోలేని శక్తి ఏముంటుంది? వకీలు ఆ వాక్యం తెలుగులో రాసి పంపితే నేను ఓనరుకి పంపాను. కోపంగా కాదు, "అన్నయ్యగారూ, నీళ్లు మేం తెచ్చినవి కావు కదా" అని. ఆయనా నష్టపోయినవాడే, ఆ సంగతి నాకూ తెలుసు. మా వల్ల పగిలిన సింకుకీ, వంటింటి కుళాయికీ నాలుగు వేలు పట్టుకుని 26 వేలు మాస్టారి ఖాతాకి వేశాడు.

అప్పటికి మేం మొదట ఇచ్చిన 15 వేలు, వాయిదాల్లో 15 వేలు మాస్టారి దగ్గరున్నాయి. ఈ 26 కలిపితే 56 వేలు. అడ్వాన్స్ 45 పోను మిగిలిన 11 వేలు ఆ నెల అద్దెలో సర్దారు, మేం నాలుగు వేలే కట్టాం. జూన్‌లో, స్కూలు ఫీజు కట్టాల్సిన సమయంలో అది ఎంత ఆదుకుందో చెప్పలేను. మాస్టారు చెక్కు తిరిగిచ్చేసి, అడ్వాన్స్ పూర్తిగా ముట్టిందని అగ్రిమెంటు వెనక తన చేత్తో రాసి సంతకం పెట్టారు. ఇంటి అలవెన్సు కోసం ఆఫీసులో పాన్ అడుగుతారని, ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ ఇవ్వాల్సిందేనని చెబితే, అదీ గొణక్కుండా ఇచ్చారు. ఆ ఒక్క విషయంలో చాలామంది ఓనర్లు ఎంత సతాయిస్తారో తెలిసినవాళ్లకు తెలుసు.

11 నెలలు నిండాక మళ్లీ అగ్రిమెంటు రాసుకున్నాం. అద్దె ఐదు శాతం పెంచి 15,750 చేశారు. అద్దె పెరిగింది కాబట్టి అడ్వాన్స్ కూడా మూడు నెలలకు సరిచేయాలని మాస్టారి అబ్బాయి ఫోన్‌లో సలహా చెప్పాడట. మాస్టారు పాత కాగితం తీసి చూసుకున్నారు. అద్దె పెరిగినా అడ్వాన్స్ పెంచకూడదనే వాక్యం అందులో ఉంది. "రాసుకున్నాం కదరా" అని వాడికి చెప్పి, అదే వాక్యం కొత్త కాగితంలోనూ టైపు చేయించమన్నారు.